‘తరుగు’ ఎవరిది? అద్దె ఇంటి పన్ను పరిభాషపై భాషావిమర్శ

వ్యాససంగ్రహం:
అద్దెకు ఇచ్చిన ఇంటి యజమాని తన ఆదాయంలోంచి పన్నుకోసం తీసివేసుకొనే మొత్తాలలో ‘తరుగుదల’ ప్రధానమైనది. ఈ భావన భారతీయ చట్టంలో ఒక రకంగానూ, ప్రవాస తెలుగువారు ఎక్కువగా ఎదుర్కొనే అమెరికా చట్టంలో మరొక రకంగానూ ఉంది. తెలుగులో మాత్రం ఈ తేడాలన్నీ ‘తరుగుదల’, ‘మినహాయింపు’ అనే రెండు మాటల కింద కలిసిపోతున్నాయి. ఈ మాటల వ్యవహారార్థాలు చట్టపరమైన అర్థాన్ని ఎక్కడ మరుగుపరుస్తున్నాయో, దానివల్ల యజమాని నిర్ణయాలు ఎలా పొరపడుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదులోని ఒక ఫ్లాటు లెక్కను ఉదాహరణగా తీసుకొని, పరిభాషకు కొన్ని ప్రతిపాదనలు చేస్తుంది.

కీలకపదాలు: తరుగుదల, మినహాయింపు, తగ్గింపు, అద్దె ఆదాయం, పరిభాష, అర్థసంకోచం, ప్రవాస తెలుగువారు.

1. ఉపోద్ఘాతం:
అమెరికాలో స్థిరపడిన మా పెద్దనాన్నగారి అబ్బాయికి హైదరాబాదులో ఒక ఫ్లాటు ఉంది. దానిని అద్దెకు ఇచ్చాడు. కిందటి ఏడాది ఫోనులో ఒక సందేహం అడిగాడు. ఇక్కడి ఆడిటరు ‘ముప్పై మినహాయింపు ఉంది’ అన్నాడట. అక్కడ పన్ను పత్రాలు చూసే మిత్రుడూ ‘ముప్పై లెక్కన మినహాయింపు’ అన్నాడట. అద్దెకున్నవారు మాత్రం ‘ముప్పై మినహాయించుకొని పంపాలి’ అన్నారట. “ముగ్గురూ ఒకటే చెబుతున్నారా? తెలుగు పాఠాలు చెప్పేవాడివి కదా, ఈ మాటకు అర్థమేమిటో నువ్వు చెప్పు” అన్నాడు.

ముగ్గురూ చెప్పినవి నిజమే. కాని మూడూ వేర్వేరు విషయాలు. ఆడిటరు చెప్పింది భారతీయ చట్టం అద్దె ఆదాయంలోంచి తీసివేయనిచ్చే 30 శాతం. మిత్రుడు చెప్పింది విదేశంలోని నివాసగృహపు ఖరీదును 30 సంవత్సరాలకు పంచి తరుగుదల లెక్కించే అమెరికా పద్ధతి. అద్దెకున్నవారు చెప్పింది ప్రవాస యజమానికి అద్దె చెల్లించేటప్పుడు సెక్షన్ 195 కింద ముందుగానే పట్టి ప్రభుత్వానికి కట్టవలసిన పన్ను. దాని మూల రేటు 30 శాతం, దానిపై సెస్సు అదనం. ఒకటి ఆదాయంలో తగ్గింపు, ఒకటి ఖరీదు పంపకం, ఒకటి ముందస్తు వసూలు. తెలుగులో మూడింటికీ ఒకే మాట దొరికింది.

ఈ గందరగోళానికి ఆ ముగ్గురినీ తప్పుపట్టలేం. ఒక భావనను వేరుచేసి చూపవలసిన మాట ఆ పని చేయలేకపోవడం భాషకు సంబంధించిన సమస్య. అందువల్ల ఇది పన్ను నిపుణులకు మాత్రమే వదిలిపెట్టవలసిన విషయం కాదని, తెలుగు శాఖలలో పరిభాషనూ అనువాదాన్నీ బోధించేవారు పట్టించుకోవలసినదని ఈ వ్యాసం భావిస్తుంది. ఇందులో పేర్కొన్న భారతీయ సెక్షన్ల సంఖ్యలు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 చట్టంలో సంఖ్యలు మారాయి, అద్దె ఇంటిపై 30 శాతం సూత్రం మాత్రం కొనసాగింది.

2. తరుగు: అంగడి నుంచి ఖాతా పుస్తకానికి:
‘తరుగు’ తెలుగువారికి కొత్త మాట కాదు. వంటింట్లో కూరగాయలు తరుగుతారు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ, తాలు, మట్టి పేరిట బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీస్తారు. బంగారు నగ చేయించుకొనేటప్పుడు మజూరితోపాటు తరుగు కూడా లెక్క కడతారు. పంట కోతల కాలంలో తరుగు రైతుల ఆందోళనకు కారణమైన మాట. ఈ వ్యవహారాలలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. తరుగు తీసేవాడు ఒకడు, నష్టపోయేవాడు మరొకడు. మిల్లరు తీస్తే రైతుకు పోతుంది, వర్తకుడు వేస్తే కొనుగోలుదారుపై పడుతుంది. తరుగు అనగానే తెలుగు మనసులో కలిగే మొదటి భావం ‘నా సొత్తులోంచి ఎవరో కోశారు’ అన్నదే.

పన్ను లెక్కలో ఈ సంబంధం తలకిందులవుతుంది. అక్కడ తరుగు తీసేది యజమాని. తీసేది తన ఆదాయంలోంచి. తీసినకొద్దీ తగ్గేది అతడు కట్టవలసిన పన్ను. అంగడిలో బాధితుడైనవాడు ఇక్కడ లబ్ధిదారు అవుతాడు. అంగడి అర్థంతో పెరిగిన పాఠకుడు ‘తరుగుదల చూపించాలి’ అన్న సలహాను ఇంటి విలువను తక్కువ చేసి చెప్పమన్నట్లుగా వింటాడు. రేపు అమ్మేటప్పుడు ధర తగ్గుతుందేమోనని జంకుతాడు. ఈ జంకుకు పునాది చట్టంలో లేదు, మాటలో ఉంది.

వ్యాకరణ దృష్టితో చూస్తే మరొక అంశం బయటపడుతుంది. పెరుగుదల, తగ్గుదల, అరుగుదల వంటి మాటలలాగే తరుగుదల కూడా తనంతట తాను జరిగే క్రియను సూచిస్తుంది. అందులో కర్త కనిపించడు. ఇల్లు తరుగుతుంది, అంతే. ‘తరుగు తీయడం’లో కర్త స్పష్టంగా ఉన్నాడు. చట్టపరమైన భావనలో ఈ రెండూ ఉన్నాయి. కట్టడం కాలక్రమంలో వినియోగానికి అరుగుతుంది, ఇది స్వతస్సిద్ధమైన ప్రక్రియ. ఆ అరుగుదలకు ప్రతిగా నిర్ణీత మొత్తాన్ని యజమాని ఏటా ఆదాయంలోంచి తీసివేస్తాడు, ఇది అతడు చేసే గణనకార్యం. పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన ‘తరుగుదల’ మొదటిదాన్ని చెప్పి రెండోదాన్ని విడిచిపెడుతుంది.

నిర్వచనం కూడా ఇందుకు తోడవుతుంది. ఇంటర్మీడియట్ స్థాయి నుంచే వాణిజ్యశాస్త్ర విద్యార్థికి తరుగుదలను స్థిరాస్తి విలువలో క్రమంగా వచ్చే తగ్గుదలగా పరిచయం చేయడం సాధారణం. యంత్రానికి ఇది సరిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటి ధర ఏటా పెరగడం చూస్తున్న విద్యార్థికి ఇది అతకదు. ధర పెరుగుతుంటే తగ్గుదల ఎక్కడుందని అతడు అడగడం న్యాయమే. సంస్కృత సమాసమైన ‘మూల్యహ్రాసం’ వాడినా ఇబ్బంది తీరదు, పైగా పెరుగుతుంది. మూల్యం అనగానే బజారు ధర గుర్తుకు వస్తుంది. తరుగుదల లెక్కకు బజారు ధరతో సంబంధం లేదు. దాని ఆధారం కొన్న లేదా కట్టిన ఖర్చు. ఆ ఖర్చు మొత్తం ఒక్క ఏడాది ఖర్చుగా చూపడానికి వీలులేదు కనుక, ఆ కట్టడం ఆదాయం ఇచ్చే సంవత్సరాలకు దానిని పంచుతారు. తరుగుదల అంటే ఈ పంపకమే. ‘విలువ తగ్గుదల’ అనే నిర్వచనాన్ని ‘ఖర్చు పంపకం’గా సవరిస్తే విద్యార్థి ప్రశ్న దానంతటదే తీరిపోతుంది.

3. తరిగేదీ, తరగనిదీ:
పైన చెప్పిన విద్యార్థి ప్రశ్నలో మరొక చిక్కుముడి ఉంది. తెలుగులో ‘ఇల్లు’ అన్నప్పుడు కింది స్థలం కూడా అందులోనే ఉంటుంది. ఇంటి ధర పెరిగిందంటే చాలావరకు పెరిగింది స్థలం ధర. పై కట్టడం మాత్రం సున్నం రాలుతూ, గొట్టాలు తుప్పుపడుతూ పాతబడుతూనే ఉంటుంది. చట్టాలు ఈ రెంటినీ విడదీస్తాయి. భూమి అరగదు కనుక భూమికి తరుగుదల లేదు. అమెరికా చట్టంలో ఇది మౌలిక సూత్రం. మన దేశంలో ఆల్ప్స్ థియేటర్ కేసులో సుప్రీంకోర్టు 1967లో ఇదే తేల్చింది. తరుగుదలకు సంబంధించినంతవరకు ‘భవనం’ అనే మాటలో అది నిలిచిన స్థలం చేరదని ఆ తీర్పు సారాంశం. ఒక మాట పరిధి ఎంత అన్నదే ఆ వ్యాజ్యంలోని ప్రశ్న కావడం భాషావిద్యార్థులు గమనించదగినది.

‘తరగని సంపద’, ‘తరగని గని’ వంటి ప్రయోగాలు తెలుగులో సజీవంగా ఉన్నాయి. భూమి ఈ పన్ను అర్థంలో అక్షరాలా తరగని ఆస్తి, కట్టడం తరిగే ఆస్తి. పరిభాషకు కావలసిన జంట భాషలోనే సిద్ధంగా ఉంది.

ఫ్లాటు విషయంలో ఈ విభజన మన రిజిస్ట్రేషను దస్తావేజులలోనే కనిపిస్తుంది. నిర్మాణ విస్తీర్ణాన్ని చదరపు అడుగులలో, విభజించని భూమి వాటాను గజాలలో వేరుగా రాస్తారు. కొన్నవారిలో చాలామంది మొదటి అంకెను గుర్తుపెట్టుకొని రెండోదాన్ని మరచిపోతారు. తరుగుదల లెక్క వేయవలసినవారికి రెండోది కూడా అంతే ముఖ్యం. మొత్తం ఖరీదులోంచి ఆ గజాల విలువను తీసివేసిన తరువాత మిగిలినదే తరిగే భాగం.

4. భారతీయ చట్టంలో అద్దె ఇల్లు: తరుగుదల లేని 30 శాతం:
మన చట్టంలో అద్దె ఇంటి ఆదాయం ‘ఇంటి ఆస్తి నుంచి ఆదాయం’ అనే ప్రత్యేక శీర్షిక కిందికి వస్తుంది. సెక్షన్ 22 నుంచి 27 వరకు దీని వివరణ ఉంది. ఇక్కడ పన్నుకు ఆధారం ఆ ఇంటి వార్షిక విలువ. అద్దెకు ఇచ్చిన ఇంటి విషయంలో యజమాని ఆ సంవత్సరంలో వాస్తవంగా చెల్లించిన మునిసిపల్ పన్నును మొదట తీసివేస్తారు. మిగిలినదానిలో సెక్షన్ 24(ఎ) ప్రకారం 30 శాతం తీసివేస్తారు. అప్పు తెచ్చి కొన్నా, కట్టినా దాని వడ్డీని 24(బి) కింద వేరుగా తీసివేస్తారు. ఈ శీర్షికలో ఇంతకుమించి ఖర్చులకు చోటు లేదు, తరుగుదలకు అసలే లేదు.

నెలకు 30,000 రూపాయల అద్దె వచ్చే ఫ్లాటును తీసుకొందాం. ఏడాదికి 3,60,000. మునిసిపల్ పన్ను 10,000 పోగా 3,50,000. అందులో 30 శాతం, అంటే 1,05,000 తీసివేస్తే 2,45,000 మిగులుతుంది. అప్పు లేకపోతే పన్నుకు లోబడే మొత్తం ఇదే. యజమాని ఆ ఏడాది రంగులకు రెండు లక్షలు పెట్టినా, ఒక్క రూపాయి కూడా పెట్టకపోయినా ఈ 1,05,000 మారదు. రసీదులు చూపనక్కరలేదు.

ఈ 30 శాతాన్ని ‘మరమ్మతుల మినహాయింపు’ అనడం వాడుకలో ఉంది. దీనికి చారిత్రక కారణం ఉంది. 2001 ఆర్థిక చట్టానికి ముందు మరమ్మతులు, అద్దె వసూలు ఖర్చుల పేరిట నాలుగోవంతు తీసివేసేవారు. ఆ చట్టం పేరును తొలగించి, శాతాన్ని 30కి పెంచి, విడివిడిగా ఉన్న మరికొన్ని తగ్గింపులను రద్దుచేసింది. చట్టంలోంచి పోయిన పేరు తెలుగు వాడుకలో మిగిలిపోయింది. దాని ఫలితంగా మరమ్మతు చేయించని యజమాని ఈ తగ్గింపు తనకు వర్తించదనుకొంటాడు, భారీగా చేయించినవాడు అదనంగా చూపవచ్చనుకొంటాడు. రెండూ పొరపాట్లే.

ఇక్కడ చట్టం మీద కూడా ఒక విమర్శ చేయవలసి ఉంది. ఈ 30 శాతం కట్టడం వయసును పట్టించుకోదు. నలభై ఏళ్ల కిందటి రెండంతస్తుల ఇల్లు, నిన్న తాళాలు అందుకొన్న ఫ్లాటు, రెండింటికీ ఒకే నిష్పత్తి. సరళత దీని గుణం. కాని ఖర్చుతో, కాలంతో సంబంధం లేని ఈ మొత్తాన్ని తరుగుదల అనడం కుదరదు. కొందరు దీనినే ‘ఇంటి తరుగుదల 30 శాతం’ అని చెప్పడం వినిపిస్తుంది. తరుగుదల అయితే అద్దె మీద కాక కట్టడపు ఖర్చు మీద లెక్క కట్టవలసి ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్నతో, అంటే ‘దేనిలో శాతం?’ అని అడగడంతో, రెండింటినీ వేరుచేయవచ్చు.

5. అదే భవనం, వేరే శీర్షిక:
మన చట్టంలో భవనానికి తరుగుదల లేకపోలేదు. అది ఉన్నచోటు వేరు. యజమాని తన భవనాన్ని తన వ్యాపారానికో వృత్తికో వాడుకొంటే సెక్షన్ 32 వర్తిస్తుంది. ప్రధానంగా నివాసానికి వాడే భవనాలకు 5 శాతం, హోటళ్లు, వసతిగృహాలతో సహా ఇతర భవనాలకు 10 శాతం. తగ్గుతూ వచ్చే నిల్వమీద ఈ శాతాన్ని లెక్కిస్తారు. భవనాన్ని సమకూర్చుకొన్న ఏడాదిలో అది 180 రోజులకంటే తక్కువ వాడుకలో ఉంటే ఆ ఏడాదికి సగం రేటే వర్తిస్తుంది.

అమీర్‌పేట వంటి ప్రాంతాలలో తెలుగు పాఠకుడు రోజూ చూసే దృశ్యం దీనికి మంచి ఉదాహరణ. ఒక భవన యజమాని దానిని హాస్టలు నడిపేవారికి అద్దెకిస్తే సాధారణంగా అతని ఆదాయం ఇంటి ఆస్తి శీర్షికలోకి వస్తుంది, 30 శాతం తీసివేత లభిస్తుంది, తరుగుదల ఉండదు. అతడే హాస్టలు నడిపి భోజనం, పరుపులు, పనివారు సమకూరిస్తే అది వ్యాపారం. కట్టడపు ఖర్చు 60 లక్షలైతే మొదటి ఏడాది 6 లక్షలు, రెండో ఏడాది 5.4 లక్షలు, మూడో ఏడాది 4.86 లక్షలు తరుగుదల. ఇటుకా సిమెంటూ అవే. కట్టడం అరిగే తీరు కూడా అదే. మారింది శీర్షిక. తరుగుదల వస్తువులో ఉన్న లక్షణం కాదని, చట్టం ఒక సందర్భంలో అనుమతించే గణన అని ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ అరుదు.

ఈ రెంటి సరిహద్దు చాలాకాలం వివాదంగా ఉంది. అద్దెకివ్వడమే ప్రధాన వ్యాపారంగా ఉన్న సంస్థకు వచ్చే అద్దెను వ్యాపార ఆదాయంగానే చూడాలని చెన్నై ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. 2024 రెండవ ఆర్థిక చట్టం నివాసగృహాల విషయంలో గీత గీసింది. యజమాని నివాసగృహాన్ని అద్దెకిస్తే వచ్చే ఆదాయం వ్యాపార శీర్షికలోకి రాదని, ఇంటి ఆస్తి శీర్షికలోనే చూపాలని నిర్దేశించింది. కాబట్టి పెట్టుబడిగా నివాస ఫ్లాట్లు కొని అద్దెకిచ్చేవారు వాటిని వ్యాపారంగా చూపి తరుగుదల తీసుకొనే దారి మూసుకుపోయింది. యంత్రాలు, ఫర్నిచరుతో విడదీయరానివిధంగా కలిపి ఇచ్చిన భవనపు అద్దె ‘ఇతర వనరులు’ శీర్షికలోకి వచ్చినప్పుడు మాత్రం సెక్షన్ 57 ద్వారా తరుగుదలకు అవకాశం ఉంది.

6. హైదరాబాదు ఫ్లాటు, అమెరికా లెక్క:
అమెరికా పన్ను నివాసి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపాలి. అందువల్ల హైదరాబాదు ఫ్లాటు అద్దె అక్కడి పత్రాలలోకీ వెళుతుంది. అక్కడి చట్టంలో అద్దె ఆదాయంపై గుత్తగా 30 శాతం తీసివేత లేదు. వాస్తవంగా పెట్టిన నిర్వహణ ఖర్చులు, ఆస్తి పన్ను, వడ్డీ వంటివి లెక్కతో చూపాలి. దానికి తోడు తరుగుదల ఉంది. అమెరికాలో ఉన్న నివాసగృహానికైతే 27.5 సంవత్సరాలు, నివాసేతర భవనానికి 39 సంవత్సరాలు. విదేశంలో ఉన్న నివాసగృహాన్ని 2017 తరువాత అద్దెకు సిద్ధపరిస్తే 30 సంవత్సరాలు, అంతకుముందైతే 40. ఏటా సమానమైన మొత్తం తీసివేయాలి. మన పాఠ్యపుస్తకాల భాషలో ఇది స్థిరవాయిదాల పద్ధతి, మన వ్యాపార భవనాలది తగ్గుతున్న నిల్వల పద్ధతి.

పై ఫ్లాటును 90 లక్షలకు కొన్నారనీ, అందులో భూమి వాటా విలువ 30 లక్షలనీ అనుకొందాం. తరిగే భాగం 60 లక్షలు. దానిని 30తో భాగిస్తే ఏడాదికి 2 లక్షలు. అద్దె 3,60,000లోంచి ఆస్తి పన్ను 10,000, వాస్తవ నిర్వహణ ఖర్చు 40,000, తరుగుదల 2,00,000 పోతే 1,10,000 మిగులుతుంది. మొదటి ఏడాది నెలల లెక్కనూ, రూపాయలను డాలర్లలోకి మార్చడాన్నీ సౌలభ్యంకోసం పక్కనపెట్టాం. అదే ఇల్లు, అదే అద్దె. ఒక దేశంలో పన్నుకు లోబడేది 2,45,000, మరొక దేశంలో 1,10,000. ఇక్కడి అంకెను అక్కడ ఎక్కించినా, అక్కడి తరుగుదలను ఇక్కడ చూపినా లెక్క తప్పుతుంది. ‘ముప్పై మినహాయింపు’ అనే ఒకే మాటతో రెండు దేశాలనూ నడిపినవారు చేసే పొరపాటు ఇదే.

7. తిరుగు లెక్క:
తరుగుదలను చాలామంది ప్రభుత్వమిచ్చే కానుకగా అర్థం చేసుకొంటారు. అమ్మకం రోజున ఆ భ్రమ తొలగుతుంది. పన్నెండేళ్లు పూర్తిగా తరుగుదల తీసుకొంటే మొత్తం 24 లక్షలు. కొన్న ఖరీదు 90 లక్షలు కాస్తా అమెరికా లెక్కలో 66 లక్షలకు దిగుతుంది. కోటిన్నరకు అమ్మితే లాభం 60 లక్షలు కాదు, 84 లక్షలు. ఆ అదనపు 24 లక్షల మీద గరిష్ఠంగా 25 శాతం వరకు ప్రత్యేక రేటు పడవచ్చు. ఏటా తీసుకొన్నది చివర లెక్కలోకి తిరిగి వచ్చింది. అంటే తరుగుదల పన్ను మాఫీ కాదు, చాలావరకు పన్ను వాయిదా. మన దేశపు లెక్కలో ఆ ఫ్లాటుకు తరుగుదల తీయలేదు కనుక కొన్న ఖరీదు అందువల్ల తగ్గదు. వ్యాపార భవనమైతే ఇక్కడ కూడా తిరుగు లెక్క ఉంది. తరుగుదల తీసుకొన్న భవనాన్ని అమ్మగా మిగిలిన నిల్వకంటే ఎక్కువ వస్తే, ఎన్నేళ్లు ఉంచుకొన్నా సెక్షన్ 50 దానిని స్వల్పకాలిక మూలధన లాభంగా భావిస్తుంది.

‘అయితే తరుగుదల తీసుకోకుండా ఉంటే సరిపోతుంది కదా’ అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. సరిపోదు. అమెరికా చట్టం తీసుకొన్న తరుగుదలనే కాక, తీసుకోదగిన తరుగుదలను కూడా తీసుకొన్నట్లే లెక్కిస్తుంది. ఏటా తగ్గింపు పొందనివాడు కూడా అమ్మకం రోజున పొందినవాడిలాగే తిరుగు లెక్క అప్పజెప్పాలి. గతాన్ని సరిదిద్దుకోవడానికి అక్కడ ప్రత్యేక దరఖాస్తు ఉంది, కాని దాని అవసరం తెలిస్తేగదా వాడుకొనేది. మన దేశంలో మహేంద్ర మిల్స్ కేసులో తరుగుదల కోరడం, కోరకపోవడం పన్నుదారు ఇష్టమని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. మరుసటి ఏడాదే సెక్షన్ 32కు ఐదవ వివరణ చేర్చి, కోరినా కోరకున్నా తరుగుదల లెక్కించితీరాలని శాసనం మార్చారు.

రెండో విభాగంలో చెప్పిన వ్యాకరణ భేదం ఇక్కడ ఆచరణలో కనిపిస్తుంది. ‘తరుగు తీయడం’ యజమాని చేసే పని అనిపిస్తుంది. చట్టం చివరకు దానిని ‘తరుగుదల’గా, యజమాని ఇష్టంతో పనిలేకుండా జరిగిపోయినదానిగా చూస్తుంది. అంగడి అర్థం వల్ల జంకి తరుగుదల చూపనివాడే ఇక్కడ ఎక్కువ నష్టపోతాడు. మాటమీది అపోహకు ఇంత ధర ఉంటుంది.

8. ‘మినహాయింపు’ అనే ఒక్క మాట:
మినహా అనేది అరబ్బీ మూలంనుంచి ఉర్దూ ద్వారా, రెవెన్యూ పాలన వెంట తెలుగులోకి వచ్చింది. ‘దానిలోంచి తీసి’ అన్నది దాని తొలి అర్థం. వ్యవహార పత్రాలలో ఇటువంటి అన్యదేశ్యాలు ఎంతగా పాతుకుపోయాయో సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన జిల్లా నిఘంటువు తెలియజేస్తుంది. నేడు పత్రికలలో, ముఖ్యంగా బడ్జెట్ రోజులలో ఈ మాట కనీసం నాలుగు పనులు చేస్తున్నది. ఒకటి, ఒక ఆదాయం అసలు పన్ను పరిధిలోకే రాకపోవడం, అంటే ఎగ్జెంప్షన్. రెండు, పరిధిలోకి వచ్చిన ఆదాయంలోంచి కొంత తీసివేయడం, అంటే డిడక్షన్. మూడు, లెక్కతేలిన పన్నులోంచి తగ్గించడం, అంటే రిబేటు. నాలుగు, చెల్లింపుదారు ముందుగానే పన్ను పట్టుకోవడం, అంటే టీడీఎస్.

మొదటి మూడూ పన్నుదారుకు అనుకూలం, నాలుగవది అతని చేతికి రావలసిన సొమ్ములోంచి జరిగే కోత. మూడింటిలో కూడా ఫలితం సమానం కాదు. లక్ష రూపాయల డిడక్షన్ వల్ల 20 శాతం శ్రేణిలో ఉన్నవాడికి, సెస్సును పక్కనపెడితే, మిగిలేది 20,000. లక్ష రూపాయల రిబేటు దొరికితే మిగిలేది, అంత పన్ను ఉన్నపక్షంలో, లక్ష. ఈ తేడాను చెప్పని శీర్షిక పాఠకుడికి వార్త ఇచ్చినట్లే ఉంటుంది, అర్థం ఇవ్వదు.

9. ఒక అభ్యంతరం, కొన్ని ప్రతిపాదనలు:
‘డిప్రిసియేషన్, డిడక్షన్ అనే మాటలు అందరూ వాడుతున్నారు, వాటినే ఉంచితే సరిపోదా’ అనే అభ్యంతరం రావచ్చు. ఈ వ్యాసకర్తకు ఆ మాటలమీద వ్యతిరేకత లేదు. మినహా కూడా ఒకప్పుడు బయటినుంచి వచ్చినదే. అయితే డిప్రిసియేషన్ అనేవారిని అర్థం అడిగితే ‘విలువ తగ్గడం’ అనే జవాబే వస్తుంది. మాట మారినా నిర్వచనం మారనంతవరకు అపోహ అలాగే ఉంటుంది. కావలసింది స్వచ్ఛత కాదు, స్పష్టత. ఆ దృష్టితో కింది ప్రతిపాదనలను పండితుల పరిశీలనకు ఉంచుతున్నాను.

అ) కట్టడం అరగడం అనే ప్రక్రియకు ‘తరుగుదల’ను ఉంచి, యజమాని ఏటా తీసివేసే మొత్తానికి ‘తరుగు తగ్గింపు’ అనడం.
ఆ) పాఠ్యపుస్తక నిర్వచనంలో ‘విలువ తగ్గుదల’ బదులు ‘కట్టడపు ఖర్చును వినియోగ సంవత్సరాలకు పంచడం’ అని సవరించడం.
ఇ) భూమి, కట్టడాల భేదానికి ‘తరగని ఆస్తి’, ‘తరిగే ఆస్తి’ అనే జంటను వాడడం.
ఈ) ‘మినహాయింపు’ను ఎగ్జెంప్షన్‌కు మాత్రమే పరిమితం చేసి, డిడక్షన్‌కు ‘తగ్గింపు’, రిబేటుకు ‘పన్ను రాయితీ’, టీడీఎస్‌కు ‘ముందస్తు పన్ను కోత’ అనడం.
ఉ) అమ్మకం వేళ తరుగును తిరిగి లాభంలో కలపడానికి ‘తిరుగు లెక్క’ అనడం.

వీటిలో చివరిది తప్ప మిగిలిన మాటలన్నీ ఇప్పటికే వాడుకలో ఉన్నవో, వాటి కలయికలో మాత్రమే. కొత్త పదాలు పుట్టించడంకంటే ఉన్న పదాలకు హద్దులు గీయడం ఇక్కడ ముఖ్యం. పరిభాషాశాస్త్రంలో అర్థసంకోచం లోపం కాదు, అవసరం. ‘రాయితీ’ మాట సబ్సిడీకీ వాడుకలో ఉంది కనుక దానిముందు ‘పన్ను’ చేర్చకతప్పదు. ‘తగ్గింపు’ మాట దుకాణాల డిస్కౌంటును గుర్తుచేస్తుందనే ఇబ్బంది కూడా ఉంది. ఇంతకంటే మంచి మాట దొరికితే దానిని స్వీకరించడమే మేలు. నాలుగు భావనలకు నాలుగు మాటలు ఉండాలన్నదే పట్టుపట్టవలసిన అంశం.

10. ముగింపు:
‘ఇల్లు కట్టి చూడు’ అన్నవారికి కట్టడంలోని కష్టం తెలుసు. కట్టిన ఇంటిని అద్దెకిచ్చి, ఆ అద్దె లెక్కను అర్థం చేసుకొని సంతకం పెట్టడం నేటి తెలుగు కుటుంబాలకు వచ్చిన మరొక పరీక్ష. పన్ను పత్రం మీద సంతకం యజమానిది, బాధ్యతా అతనిదే. ఆ పత్రంలోని భావన అతనికి అర్థమయ్యే మాటలో లేకపోతే అతడు తనకు తెలియనిదానికి హామీ ఇస్తున్నట్లే. తరుగుదల ప్రభుత్వం ఇచ్చే కానుకా కాదు, ఇంటికి వచ్చే నష్టమూ కాదు. పెట్టిన ఖర్చును కాలానికి పంచి, అమ్మిననాడు లెక్క అప్పజెప్పే ఏర్పాటు. మన దేశంలో అద్దెకిచ్చిన నివాసగృహానికి అది సాధారణంగా వర్తించదు, అక్కడ దొరికే 30 శాతం వేరొకటి.

మా అన్నయ్యకు చివరకు ఈ మూడు ముప్పైలనూ మూడు వేర్వేరు వాక్యాలలో రాసి పంపవలసి వచ్చింది. మూడు వాక్యాలలో ఒక్కదానిలోనే ‘తరుగు’ ఉంది, ఒక్కదానిలోనూ ‘మినహాయింపు’ లేదు. చదివి, ఆ ఏడాది పత్రంలో భూమి వాటా గజాలను వేరుచేయకుండా మొత్తం ఖరీదుకు తరుగు వేసినట్లు తానే గుర్తించాడు. తెలుగు వాక్యం ఆ పని చేయగలిగింది. అటువంటి వాక్యాలు పాఠ్యపుస్తకాలలోనూ పత్రికలలోనూ రావాలంటే, అనువాదం బోధించే తరగతిలో కథ, కవితలతోపాటు ఒక పన్ను పత్రాన్ని కూడా విద్యార్థి ముందు పెట్టవలసి ఉంది.